ధ్యానానికి కూర్చునే తీరిక లేదు. రోజువారీ పనుల్లోనే మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న పనిని ఎరుకతో గమనించడం) సాధన చేయొచ్చా?

చేయొచ్చు. రోజూ ఎలాగూ చేసే పని ఒకటి పట్టుకోండి. నేనైతే అన్నం తినడం చెబుతాను. ఫోన్ పక్క గదిలో పెట్టి, మొదటి నాలుగు ముద్దలు మాత్రం గమనించి తినండి: వేళ్లకు తగిలే అన్నం వేడి, పప్పులో ఇంగువ వాసన, ఆవకాయ కారం నాలుక మీద ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతోందో. మూడో ముద్దకే ఆఫీసు గుర్తొస్తుంది. రానివ్వండి. ‘అరె, ఎటో వెళ్లిపోయానే’ అని తెలిసిన ఆ క్షణమే అసలు సాధన. విసుక్కోకుండా మళ్లీ ముద్ద మీదికి రావాలి, అంతే. మనసు ఖాళీ అయిపోవాలనుకుని చాలామంది ఇక్కడే మానేస్తారు.

ఇది కొత్తదేం కాదు, పాళీ భాషలో బౌద్ధులు ‘సతి’ అన్నది దీన్నే. 1979లో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్ల కోసం దీన్ని వారాల తరబడి సాగే కోర్సుగా మలిచారు. ఇప్పుడది 8 వారాలు. అందులో పేరుపడ్డ పాఠం ఒక్క కిస్‌మిస్‌ను నిదానంగా తినడం! ఇంట్లో ఆవకాయ ఉండగా మనకు కిస్‌మిస్ ఎందుకులెండి.

ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరైతే మూడు శ్వాసలు గమనించినా చాలు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి.