రెడ్ కార్డు మర్చిపోయినవాడు రిఫరీగా పనికిరాడా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఫుట్‌బాల్ రిఫరీ అవ్వాలని వాడి కోరిక. మొన్న ఒక లోకల్ టోర్నమెంట్‌లో ఒకే ఆటగాడికి రెండోసారి ఎల్లో కార్డు (హెచ్చరిక) చూపించి, ఆ వెంటనే రెడ్ ఇచ్చి బయటికి పంపడం మర్చిపోయాడు. పెద్ద గొడవైంది. అప్పట్నుంచి విజిల్ ముట్టుకోవడం లేదు. అసలు ఇందులో బతుకుతెరువు ఉందా సార్? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీవాడు చేసిన తప్పే ప్రపంచకప్‌లో కూడా జరిగిందండీ. 2006లో స్టట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్. రిఫరీ ఇంగ్లండ్‌కు చెందిన గ్రాహం పోల్, ఎంతో అనుభవం ఉన్నవాడు. క్రొయేషియా 3వ నంబర్ షిమునిచ్‌కు 61వ నిమిషంలో ఒక ఎల్లో, 90వ నిమిషంలో ఇంకొకటి చూపించాడు. కానీ పుస్తకంలో ఒక కార్డును ఆస్ట్రేలియా 3వ నంబర్ ఖాతాలో రాసేశాడు. షిమునిచ్ పుట్టింది ఆస్ట్రేలియాలోనే, మాట యాసా అక్కడిదే! చివరికి మూడో ఎల్లో చూపించాకే రెడ్ బయటికొచ్చింది. లైన్ మీద ఇద్దరు అసిస్టెంట్లు, బయట నాలుగో అధికారి ఉండి కూడా ఎవరూ పట్టుకోలేదు.

అంటే లోపం ధైర్యంలో కాదు, రాతలో ఉంది. మీవాడికి అలవాటు చేయాల్సింది ఇదే: నంబర్ ఒక్కటే రాయకూడదు. జట్టు, నంబర్, నిమిషం, కారణం నాలుగూ ఉండాలి. రెండు జట్లకు చెరో పక్క. మళ్లీ ఆట మొదలుపెట్టించే ముందు ఆ నంబర్ పక్కన పాత గీత ఏదైనా ఉందా అని ఒక చూపు. చాలామంది రెడ్ కార్డు వెనక జేబులో, ఎల్లో చొక్కా జేబులో పెట్టుకునేది కూడా కంగారులో తడబడకుండా ఉండటానికే. మ్యాచ్ అయ్యాక ఆ రాతలే రిపోర్టుగా వెళ్తాయి. ఎవరిమీద సస్పెన్షన్ పడాలో దాన్నిబట్టే తేలుతుంది. ప్రపంచకప్‌లో వేర్వేరు మ్యాచ్‌ల్లో రెండు ఎల్లోలు పడితే తర్వాతి మ్యాచ్‌కు దూరం కావాలి కదా. అందుకే రిఫరీకి చేతిరాత కూడా ముఖ్యమేనంటాను నేను. నవ్వకండి!

ఇక బతుకుతెరువు సంగతి. ఉన్నదున్నట్టు చెప్తాను, మన దగ్గర రిఫరీల్లో ఎక్కువమందికి నెల జీతం ఉండదు, మ్యాచ్‌కింత అని ఇస్తారు. వేరే ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు మైదానానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. కాబట్టి డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. జిల్లా ఫుట్‌బాల్ సంఘాన్ని కలిసి, రిఫరీ పరీక్ష ఎప్పుడు పెడతారో కనుక్కోమనండి. రూల్స్ మీద ప్రశ్నలుంటాయి, పరుగు పరీక్షా ఉంటుంది. రూల్స్ 17, అందులో 12వది ఫౌల్స్, కార్డుల గురించే. దాన్ని నాలుగుసార్లు చదివినా తప్పులేదు.

ఈలోగా టీవీలో ఏ మ్యాచ్ వచ్చినా, సౌండ్ ఆపేసి, చేతిలో పెన్సిల్, చిన్న కాగితం పెట్టుకుని కూర్చోమనండి. పడిన ప్రతి కార్డూ రాసుకుని, చివర్లో స్క్రీన్ మీద వచ్చే లెక్కతో సరిచూసుకోవాలి. మొదటి రెండు మూడు మ్యాచ్‌ల్లో తేడా వస్తుంది, మీరు మాత్రం వెక్కిరించకండి.