కోబ్రా నోటీసు రాకపోతే ఏం చేయాలి?

ఉద్యోగం పోయి రెండు నెలలు దాటినా కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఆరోగ్య బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకోనిచ్చే అమెరికా చట్టం) నోటీసు అందలేదనీ, ఈలోగా బాబు ఆసుపత్రి బిల్లు వచ్చిందనీ రాశారు. అమెరికాలో 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీకి, మీ ఉద్యోగం పోయిన విషయం బీమా పథక నిర్వాహకులకు తెలపడానికి 30 రోజులు, వారు మీకు నోటీసు పంపడానికి 14 రోజులు గడువు ఉంటుంది కనుక, తప్పు మీది కాదు. కోబ్రాను ఎంచుకోవడానికి మీకున్న 60 రోజుల గడువు, నోటీసు ఇచ్చిన తేదీ, బీమా ఆగిన తేదీలలో తర్వాతి దాని నుంచే లెక్కకు వస్తుంది. ఎంచుకున్నాక 45 రోజుల్లో ప్రీమియం బకాయి కడితే బీమా ఆగిన రోజు నుంచే వర్తించి, పథకం షరతుల మేరకు ఆ బిల్లునూ భరిస్తుంది. కాకపోతే యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు మీరే కట్టాలి, అది చిన్న మొత్తమేమీ కాదు. ముందుగా హెచ్‌ఆర్‌కు ఫోన్‌లో కాకుండా లిఖితపూర్వకంగా రాయండి. బదులు రాకపోతే అమెరికా కార్మిక శాఖలో ఉద్యోగుల ప్రయోజనాల వ్యవహారాలు చూసే ఈబీఎస్‌ఏ విభాగానికి ఫిర్యాదు చేయండి. నోటీసు ఇవ్వనందుకు కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా విధించవచ్చు.