అమెరికాలో నెట్ కంపెనీ మన బ్రౌజింగ్ చూసి యాడ్స్ వేయడం లీగలేనా?

చాలా స్టేట్స్‌లో లీగలే, వినడానికి చిరాగ్గా ఉన్నా అంతే. కస్టమర్ ఒప్పుకుంటేనే బ్రౌజింగ్ హిస్టరీ వాడాలని 2016లో ఎఫ్‌సీసీ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) రూల్ పెట్టింది గానీ అది అమల్లోకి రాకముందే 2017లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) రద్దు చేసేసింది, ఏప్రిల్‌లో ట్రంప్ సంతకం కూడా పెట్టేశాడు. మేన్ రాష్ట్రం మాత్రం ముందు పర్మిషన్ అడగాల్సిందేనని 2019లో సొంత చట్టం చేసుకుంది. అలాగని దొంగచాటుగా చేస్తే ఊరుకోరు, వెరైజన్ అనే టెలికాం కంపెనీ మొబైల్ కస్టమర్లకి చెప్పకుండా వాళ్ల నెట్ ట్రాఫిక్‌లో వాళ్లని గుర్తుపట్టే ఒక ఐడీ ఇరికించినందుకు 2016లో 13.5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది, వాళ్లకది చిల్లరే అనుకోండి.

ఇంకోటి, సైట్ హెచ్‌టీటీపీఎస్ (అడ్రస్ https తో మొదలయ్యే, డేటాని లాక్ చేసి పంపే సైట్) అయితే మీరు ఏ సైట్‌కి వెళ్లారో మామూలుగా నెట్ కంపెనీకి తెలుస్తుంది గానీ లోపల ఏ పేజీ చదివారో కనపడదు. ముందు మీ అకౌంట్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆప్ట్ అవుట్ (నా డేటా వాడొద్దని చెప్పే ఆప్షన్) ఉందేమో చూసి దాన్ని ఎంచుకోండి.