తెల్లగా వెలిగే తెర, పలకని టచ్: ఈఎస్‌పీ32కి 2.8 అంగుళాల డిస్‌ప్లే కలిపేవారికి

2.8 అంగుళాల ఎర్ర బోర్డు టచ్ డిస్‌ప్లేను ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపితే తెర తెల్లగా వెలుగుతోందే తప్ప బొమ్మ రావడం లేదని, ఎప్పుడైనా వచ్చినా వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కినట్టు చూపుతోందని రాశారు. డిస్‌ప్లే కాలిపోయిందా, కొత్తది కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. తెర తెల్లగా ఉందంటే బ్యాక్‌లైట్‌కు కరెంటు అందుతోంది, కంట్రోలర్ చిప్పుకు మాత్రం మీ ఆదేశాలు సరిగ్గా చేరడం లేదు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి తెల్ల తెరల్లో చాలావరకు వైరింగ్ సరిచేయగానే పనిచేశాయి.

ఆ బోర్డు మీద ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు ఉన్నాయి. బొమ్మ గీసేది ఐఎల్‌ఐ9341. అది అద్దం అంచుకే అతికి ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. నొక్కిన చోటును చదివేది ఎక్స్‌పీటీ2046, బోర్డు వెనక్కి తిప్పితే కనబడే చిన్న చిప్పు. 14 పిన్నుల్లో మొదటి తొమ్మిది తెరవి, చివరి అయిదు టచ్‌వి. అన్ని వైర్లూ ఒకేసారి పెట్టి కోడ్ ఎక్కిస్తే తప్పు ఎటువైపు ఉందో పట్టుకోవడం చాలా కష్టం. ముందు తెర ఒక్కటే కలపండి. అది నిలకడగా బొమ్మ చూపించాకే టచ్ జోలికి వెళ్లండి.

వైరు పెట్టే ముందు బోర్డు వెనక జే1 అని రాసి ఉన్న రెండు చిన్న సోల్డర్ చుక్కల్ని చూడండి. అవి కలవకుండా విడిగా ఉంటే వీసీసీకి (కరెంటు ఇచ్చే పిన్ను) 5 వోల్టులు ఇవ్వండి, బోర్డు మీది రెగ్యులేటర్ దాన్ని 3.3కి దించుకుంటుంది. రెండూ సోల్డర్‌తో కలిసి ఉంటే రెగ్యులేటర్‌ను దాటేసి కరెంటు నేరుగా చిప్పుకు వెళుతుంది, అప్పుడు 3.3 మాత్రమే ఇవ్వాలి. డిస్‌ప్లేకు నిజంగా ప్రాణం పోయే చోటు ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. సిగ్నల్ పిన్నులు ఎలా చూసినా 3.3 వోల్టులవే. ఈఎస్‌పీ32 పిన్నులు ఇచ్చేదీ అంతే కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇదే తెరను ఆర్డుయినో ఊనో బోర్డుకు కలిపేవారు మాత్రం మధ్యలో సిగ్నల్ వోల్టేజిని దించే లెవెల్ షిఫ్టర్ పెట్టుకోవాలి, ఎందుకంటే ఊనో సిగ్నల్ 5 వోల్టులు.

ఇక పిన్నులు. తెర ఎస్‌డీఐని (డేటా తీసుకునే పిన్ను) ఈఎస్‌పీ32 మీది 23వ పిన్నుకు, ఎస్‌సీకేని (క్లాక్) 18కి కలపండి. సీఎస్‌కు (చిప్పును ఎంచుకునేది) 27, డీసీకి (వచ్చేది ఆదేశమా, డేటానా అని చెప్పేది) 26, రీసెట్‌కు 25 నేను ఎప్పుడూ వాడే పిన్నులు. ఇంటర్నెట్‌లో కనబడే చాలా ఉదాహరణల్లో సీఎస్ 15కి, డీసీ 2కి ఉంటాయి. అవీ పనిచేస్తాయి, కానీ 0, 2, 5, 12, 15 పిన్నుల్ని ఈఎస్‌పీ32 స్టార్ట్ అయ్యే క్షణంలో తన సొంత పనికి చదువుకుంటుంది. ముఖ్యంగా 12వ పిన్ను ఆ క్షణంలో హైగా ఉంటే మామూలు బోర్డు అసలు బూట్ కాదు. 25, 26, 27 ఆ గొడవలో లేవు, పైగా బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి కాబట్టి సీఎస్‌కో డీసీకో వాటిని వాడలేరు. ఎల్‌ఈడీ పిన్నును 3.3కి కలిపేయండి. వెలుగు తగ్గించి పెంచాలనుకుంటే మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టండి. ఆ కరెంటు భారం నేరుగా ఈఎస్‌పీ32 పిన్ను మీద వేయకూడదు. తెర ఎస్‌డీఓను ఖాళీగా వదిలేయండి. తెర నుంచి తిరిగి చదవాల్సిన అవసరం మీకు లేదు, పైగా టచ్ చిప్పు జవాబు చెప్పే తీగ మీదకు ఇంకొకరు రాకుండా ఉంటుంది.

ఎప్పుడైనా ఒకసారి బొమ్మ వస్తోందన్నారు చూడండి, ఆ మాటను బట్టి నా అనుమానం రీసెట్ వైరు మీద. అది గాలిలో ఉన్నా, వదులుగా ఉన్నా తెర కొన్నిసార్లు లేస్తుంది, కొన్నిసార్లు లేవదు. బ్రెడ్‌బోర్డు కూడా ఇందులో భాగమే. 38 పిన్నుల ఈఎస్‌పీ32 బోర్డు వెడల్పు ఎక్కువ. దాన్ని బ్రెడ్‌బోర్డులో గుచ్చితే వైర్లు పెట్టడానికి ఒకవైపు రంధ్రాలే మిగలవు, అందరూ కింది నుంచి ఎలాగో దూర్చుతారు. అంతకంటే రెండు వైపులా ఫిమేల్ ఉన్న జంపర్ వైర్లతో పిన్నుకు పిన్ను నేరుగా కలపడం మేలు. కలిపాక మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, వైరు చివర కాకుండా అటు బోర్డు పిన్ను మీద, ఇటు బోర్డు పిన్ను మీద ముల్లు ఆనించి చూడండి. వైరును కొంచెం కదిలించినా బీప్ ఆగకూడదు.

తెరను నడిపే టీఎఫ్‌టీ-ఈఎస్‌పీఐ లైబ్రరీ వాడుతుంటే పిన్ను నంబర్లు మీ స్కెచ్‌లో (మీరు రాసే ప్రోగ్రామ్‌లో) కాక, లైబ్రరీ ఫోల్డర్‌లోని యూజర్ సెటప్ ఫైల్లో మార్చాలి. లైబ్రరీని అప్‌డేట్ చేస్తే ఆ ఫైలు మళ్లీ మొదటికి వస్తుంది, కాబట్టి ఒక కాపీ వేరే చోట దాచుకోండి. తెరకు డేటా పంపే వేగం మొదట 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. పూర్తి తెర నింపాలంటే 1,53,600 బైట్లు పంపాలి. 40 మెగాహెర్ట్జ్ వద్ద దానికి సుమారు 31 మిల్లీసెకన్లు పడుతుంది, 20 వద్ద రెట్టింపు. బటన్లు, అంకెలు చూపడానికి అది చాలు. పొడవాటి జంపర్ వైర్ల మీద 40 పెడితే చుక్కలు, చారలు వచ్చే అవకాశం ఎక్కువ.

బొమ్మ నిలిచాక టచ్. టీ-సీఎల్‌కేను అదే 18కి, టీ-డీఐఎన్‌ను అదే 23కి కలపండి, టీ-డీఓ 19కి, టీ-సీఎస్ 33కి. టీ-ఐఆర్‌క్యూ ఈ లైబ్రరీకి అక్కర్లేదు. టీ-సీఎస్ నుంచి 3.3కి ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. ప్రోగ్రామ్ మొదలై ఆ పిన్నును పట్టించుకునేలోపు టచ్ చిప్పు నోరు మూసుకుని ఉండేలా చూసేది అదే. ఎక్స్‌పీటీ2046 నిదానమైన చిప్పు, దానికి 2.5 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. లైబ్రరీలో టచ్ వేగం విడిగానే ఉంటుంది.

వేలు ఒకచోట, నొక్కు ఇంకోచోట అన్నది మాత్రం వైరింగ్ దోషం కాదు. టచ్ చిప్పు ఇచ్చేది 0 నుంచి 4095 వరకు ముడి అంకె. దానికి పిక్సెల్ అంటే ఏమిటో తెలియదు. అంచుల దగ్గర కూడా 0, 4095 రావు. నా తెర మీద ఒక అంచున 300 దగ్గర, ఎదుటి అంచున 3800 దగ్గర ఉంటాయి. మీ తెరకు వేరుగా ఉంటాయి, అందుకే ఇతరుల కాలిబ్రేషన్ అంకెలు (ముడి అంకెల్ని తెర మీది చోటుతో సరిపోల్చేవి) కాపీ చేస్తే కుదరదు. లైబ్రరీలోని కాలిబ్రేషన్ ఉదాహరణ నడిపి, నాలుగు మూలల బాణం గుర్తుల్ని స్టైలస్ మొనతో నొక్కండి, వేలితో వద్దు. అది ఇచ్చే అయిదు అంకెల్ని మీ కోడ్‌లో పెట్టుకోండి. తెర ఏ దిశలో వాడతారో ఆ రొటేషన్‌లోనే ఇది చేయాలి.

మా ఇంట్లో ఇదే తెర మేడమీది ట్యాంకు నీటిమట్టం చూపిస్తూ మోటారును నడుపుతోంది. ఒత్తిడితో పలికే రెసిస్టివ్ టచ్ కాబట్టి తడి చేత్తో నొక్కినా పలుకుతుంది, అక్కడ నాకు కావలసింది అదే. అయితే మోటారు స్టార్టర్‌లోని కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) విడిపోయినప్పుడల్లా తెర తెల్లబడేది, ప్రోగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉండేది. కాయిల్ నుంచి వచ్చే విద్యుత్ కుదుపు తెర చిప్పును చెదరగొడుతోంది. ఎలక్ట్రీషియన్‌తో కాయిల్‌కు ఆ కుదుపును అణచే ఆర్‌సీ స్నబ్బర్ పెట్టించి, తెర వైర్లను జానెడు కంటే తక్కువకు కుదించి, మోటారు వైర్లకు దూరంగా జరిపాక ఆ బాధ పోయింది. మీరు కూడా రిలేలు కలిపే ఆలోచనలో ఉంటే ఇది ముందే చూసుకోండి.

ఇప్పుడు జే1 చూసి, టచ్ వైర్లన్నీ తీసేసి, తెరను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో నింపే ఉదాహరణ ఒక్కటే నడపండి. ఏ రంగు వచ్చిందో ఇక్కడ రాయండి. ఎరుపు, నీలం తారుమారైతే, లేదా రంగులు నెగెటివ్‌లా కనబడితే సెటప్ ఫైల్లో రంగుల వరుసో, ఇన్వర్షనో (రంగుల్ని తిరగేసే సెట్టింగ్) మార్చాలి. ఒకే రకంగా కనిపించే బోర్డుల్లో ఐఎల్‌ఐ9341 బదులు ఎస్‌టీ7789 చిప్పు ఉన్నవీ దొరుకుతున్నాయి. వైర్లన్నీ బీప్ ఇచ్చినా తెర తెల్లగానే ఉంటే సెటప్ ఫైల్లో ఆ పేరు పెట్టి ఒకసారి చూడండి.