అమ్మడూ, ఎల్‌ఆర్ (లారీ రసీదు) చదవకుండా సరుకు ఎక్కించకు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి అంబాజీపేటలో కొబ్బరి పీచు యూనిట్ పెడుతున్నావనీ, డోర్‌మ్యాట్లు, పీచు కుండీలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మలు బెంగళూరు, పుణె షాపులకి నువ్వే నేరుగా పంపుతావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఆడపిల్ల సొంతంగా యూనిట్ పెట్టడం ఇదే మొదలు. తెల్లారగానే వీధి అరుగు మీద కూర్చున్న నలుగురికీ చెప్పేశాను, ఏమీ అనుకోకు. కానీ నువ్వు "తయారీ అంతా చూసుకున్నాను, ట్రాన్స్‌పోర్టుకేముంది, ఆఫీసులో పడేస్తే వెళ్ళిపోతుంది" అన్నావట. ఆ ఒక్క మాట విని ఈ ఉత్తరం రాస్తున్నాను. రావులపాలెంలో బుకింగ్ కౌంటర్ వెనకే నా ఉద్యోగమంతా గడిచింది. పార్ట్ లోడు సరుకు పడేస్తే వెళ్ళదు తల్లీ, దగ్గరుండి పంపాలి.

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీసుకో. దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు. పార్ట్ లోడు లారీలో నీతో పాటు ఎందరివో సరుకులుంటాయి, ఒక్కరి కాగితం తప్పినా దారిలో బండి ఆగిపోతుంది. అందుకని బిల్లులో పేరు, బరువు, నగల (అంటే మూటలు, పెట్టెల) సంఖ్య, విలువ ఇన్‌వాయిస్‌లో ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే ఉండాలి. కిరాయి మీద జీఎస్టీ ఎవరు కట్టాలో మొదటి నెలలోనే ఆడిటర్‌ని అడుగు.

ఇక డబ్బు ఎక్కడ పోతుందో చెప్తాను. పీచు సరుకు బరువుండదు, చోటు మాత్రం తినేస్తుంది. ట్రాన్స్‌పోర్టు వాళ్ళు కాటా బరువు ఒకటీ, కొలత బరువు ఒకటీ చూసి ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో హెచ్చవేసి 1728తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక్కో అడుగుకి ఇన్ని కిలోలని కంపెనీ ఒక లెక్క పెట్టుకుంటుంది. ఎనిమిది కిలోలు అనుకుందాం. 24, 18, 18 అంగుళాల పెట్టె నాలుగున్నర అడుగులు, అంటే 36 కిలోలు. అందులో నీ మ్యాట్లు 14 కిలోలే ఉన్నా 36కి కట్టాల్సిందే. మ్యాట్లని బిగించి చుట్టి, కుండీల్ని ఒకదాంట్లో ఒకటి దింపి 20, 16, 14 పెట్టెలో సర్దగలిగితే 21 కిలోలకి దిగుతుంది. కాబట్టి పెట్టెలకి ఆర్డర్ ఇచ్చేముందు టేపు పట్టుకో. చాలామంది పెట్టె అందంగా ఉందా అని చూస్తారు, లోపల ఎంత గాలికి కిరాయి కడుతున్నారో చూడరు.

నీ దగ్గర ఒక అదృష్టం ఉంది. మ్యాట్లు తేలిక, కోకోపీట్ దిమ్మలు బరువు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అయిదంగుళాల మందం ఉన్న అయిదు కిలోల దిమ్మలు ఇరవై, ఇందాకటి పెద్ద పెట్టెలు రెండు అనుకో. విడివిడిగా బుక్ చేస్తే దిమ్మలకి 100, పెట్టెలకి 72, మొత్తం 172 కిలోలు. రెండూ ఒకే ఎల్‌ఆర్ మీద వెళ్తే కాటా బరువు 128, కొలత దిమ్మలకి 67, పెట్టెలకి 72, మొత్తం 139కే వస్తుంది. సరుకూ అదే, లారీ కూడా అదే. కొందరు మాత్రం నగ నగకీ విడిగా కొలుస్తారు. రేటు మాట్లాడేటప్పుడే "కొలత మొత్తం మీదా, నగ మీదా" అని అడిగి కాగితం మీద రాయించుకో. కిలో రేటు ఒక్కటే బేరం చేసి ఇంటికొచ్చేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అడుగుకి ఎన్ని కిలోలు, కనీస బరువు ఎంత, ఎల్‌ఆర్ చార్జీ, హమాలీ, డీజిల్ పెరిగితే ఎంత, ఊరి బయట డెలివరీకి ఎంత, ఇవన్నీ తేలాకే కిలో రేటు మాట్లాడాలి.

కనీస బరువు ఉంటుంది గనక రోజుకో చిన్న మూట పంపకు. ఒకే ఊరి ఆర్డర్లు పోగేసి వారానికి రెండు రోజులు పెట్టుకో. ఆ రెండు రోజులు షాపుల వాళ్ళకి ముందే చెప్తే వాళ్ళూ అలవాటు పడతారు. మధ్యాహ్నానికల్లా సరుకు ఆఫీసులో ఉండాలి. సాయంత్రం లారీ నిండాక వచ్చిన మూట ఆ రాత్రి వరండాలో ఉండిపోతుంది. వరండా అంటేనే నాకు గుండె దడ.

ఎందుకో చెప్తాను. నీ కోకోపీట్ దిమ్మ నీళ్ళు తాగితే అయిదింతలకి పైగా ఉబ్బుతుంది. సంచి పగిలి, పక్కవాళ్ళ సరుకు కూడా పాడు చేస్తుంది. కడియం నర్సరీల నుంచి మొక్కల లారీలు బెంగళూరు వైపు వెళ్తుంటాయి, అందులో కాస్త చోటు చవగ్గా ఇస్తామని ఎవరో ఒకరు నీ దగ్గరికి వస్తారు. ఒప్పుకోకు. వాళ్ళు ఎక్కించేముందు మొక్కలకి నీళ్ళు పెడతారు, దారిలోనూ పెడతారు. కొబ్బరికాయల లారీలో లోడు పైన వేసి పంపుతామంటారు, దానికీ ఒప్పుకోకు. ఆ సరుకుకి ఎల్‌ఆర్ ఉండదు, తడిస్తే అడగడానికి మనిషీ ఉండడు.

ఇప్పుడు ఒక సంగతి రాస్తున్నాను. ఇది మీ ఇంట్లో నీకెవరూ చెప్పి ఉండరు.

నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా మీ నాన్న పీచు తాడు, మ్యాట్ల వ్యాపారం చేసేవాడు. 2013 అక్టోబరు చివర్లో కోస్తా అంతా ముసురు పట్టింది. ఒక పెద్ద ఆర్డర్, లక్షా నలభై వేల సరుకు, మహారాష్ట్రకి పార్ట్ లోడులో పంపాడు. కౌంటర్ దగ్గర విలువ ఎంత రాయమంటారని అడిగితే ఇరవై వేలు అని రాయించాడు. నిజం రాస్తే, సరుకు పాడైతే బాధ్యత పడేందుకు వాళ్ళు తీసుకునే రిస్క్ చార్జీ కింద కొన్ని వందలు ఎక్కువ పడుతుందని. అప్పట్లో సగం మంది అలాగే రాయించేవారు, బావ ఒక్కడినీ తప్పు పట్టలేం. ఆ ట్రాన్స్‌పోర్టుకి నేరుగా వెళ్ళే లారీ లేదు. మధ్యలో రెండు చోట్ల దించి ఎక్కించాలి. ఒకచోట రాత్రిపూట మూటలు నేల మీద దించారు, పైన పట్టా కప్పలేదు. సరుకు చేరేసరికి మూటల్లో సగానికి బూజు పట్టింది. అక్కడి షాపు గుమాస్తా మూటలు విప్పకుండానే డెలివరీ కాపీ మీద సంతకం పెట్టేశాడు. మర్నాడు విప్పి చూసి, మాకొద్దన్నారు.

చట్టం ఏమంటుందో విను. 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం ప్రకారం ఎక్కువ విలువ రాయించి, దానికి తగ్గ రిస్క్ రేటు కడితే తప్ప ట్రాన్స్‌పోర్టు బాధ్యత కిరాయికి పదిరెట్లు దాటదు, రాయించిన విలువనీ దాటదు. అంటే మీ నాన్నకి రావలసింది ఎంత గింజుకున్నా ఇరవై వేలు దాటదు. అది కూడా రాలేదు. ఎందుకంటే కేసు వేయాలన్నా ముందు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బావ నోటీసు ఇవ్వలేదు. మేనేజరు ఫోన్‌లో "చూస్తున్నాం సార్, వచ్చే వారం సెటిల్ చేస్తాం" అంటూ ఉన్నాడు, బావ నమ్ముతూ ఉన్నాడు. మంచివాడు, మాట మీద నిలబడేవాడు. అవతలి వాళ్ళూ అలాగే ఉంటారనుకున్నాడు. సంక్రాంతి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. నాకు తెలిసేసరికి ఆ ఆరు నెలలూ దాటిపోయాయి. మీ అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళింది ఆ వేసవిలోనే. నీ స్కూలు ఫీజు మాత్రం ఒక్క రోజు ఆలస్యం చేయలేదు మీ నాన్న. ఆ తర్వాత పీచు జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

అందుకే చెప్తున్నాను, కోప్పడుతున్నాననుకున్నా సరే. అసలు విలువ రాయించు, రిస్క్ రేటు కట్టు. ఆ కొన్ని వందలు మిగుల్చుకునే ఖర్చు కావు. నీ దగ్గర కొనే ప్రతి షాపుకీ చెప్పు: మూట తడిసినా చిరిగినా సంతకం పెట్టేముందే ఆ ముక్క డెలివరీ కాపీ మీద రాయాలి, ఫోటో తీసి నీకు పంపాలి. నష్టం జరిగితే అదే వారం కంపెనీ ఆఫీసుకి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపు. ఫోన్‌లో ఎవరు ఎంత మర్యాదగా మాట్లాడినా పంపు. ఇంకొకటి: కిలోకి రూపాయి ఎక్కువైనా బెంగళూరుకి నేరుగా లారీ ఉన్నవాళ్ళనే చూసుకో. దించి ఎక్కించిన ప్రతిసారీ ఒక రోజు పోతుంది, ఒక మూట చిరుగుతుంది.

మూటలు 35, 40 కిలోల లోపు కట్టు. అంతకన్నా బరువైతే హమాలీల చేతుల్లోంచి జారిపోతుంది, మరీ చిన్నవైతే విసిరేస్తారు. లోపల పాలిథిన్, పైన గోనె. రెండు పక్కలా అడ్రసు, 1/12, 2/12 అని నంబర్లు. జట్టు మేస్త్రి పేరు తెలుసుకో, పలకరించు, కూలి ఎగ్గొట్టే మాట ఎప్పుడూ ఆడకు. ముసురులో నీ మూట మీద పట్టా లాగేది ఆ మనిషే.

గోదావరి సంగతి నీకు కొత్త కాదు. జూలై, ఆగస్టులో వరదొస్తే లంకల కాజ్‌వేలు మునుగుతాయి, సఖినేటిపల్లి పంటు (నది దాటించే పడవ) ఆగుతుంది, యూనిట్‌కి పీచు రాదు. ఎండబెట్టడానికి ఎండా ఉండదు. మే నెలాఖరుకే రెండు నెలల సరుకు బెంగళూరు చేర్చి, అక్కడ ఎవరి గోడౌన్‌లోనైనా కాస్త చోటు అద్దెకి తీసుకో. అప్పుడు ఫుల్ లారీ రేటు కూడా కనుక్కో. పార్ట్ లోడు బిల్లులన్నీ కలిపితే దానికి దగ్గరగా వస్తుంటే, మీ పక్క యూనిట్ వాళ్ళని కలుపుకుని లారీ మాట్లాడుకోవడమే చవక.

మూటలు కట్టడం మాత్రం మీ నాన్నని అడుగు. బావ కట్టిన ముడి లాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఆ పాత సంగతి నేను చెప్పానని అనకు, "నాన్నా, ఈ మూట ఎలా కట్టాలి" అని అడుగు చాలు. వస్తాడు.

ట్రాన్స్‌పోర్టు వాళ్ళు రేటు కాగితం ఇచ్చారని అమ్మ చెప్పింది. దాని మీద ఇంకా సంతకం పెట్టకు. అన్ని పేజీలూ, వెనక చిన్న అక్షరాలతో సహా, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. గురువారం నేను అమలాపురం వస్తున్నాను, ఇద్దరం కలిసి వాళ్ళ ఆఫీసుకి వెళ్దాం. టేపు నీతో తెచ్చుకో.

ఆశీస్సులతో,
మావయ్య