రబ్బరు రాణిగారు: స్పిటింగ్ ఇమేజ్ తరహా రాజకుటుంబం స్కిట్ ఎలా కట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: బ్రిటిష్ టీవీలో వచ్చిన స్పిటింగ్ ఇమేజ్ అనే రబ్బరు బొమ్మల వ్యంగ్య కార్యక్రమం క్లిప్పులు చూశారు, అందులో రాణి, రాజమాత బొమ్మలు నచ్చాయి. కాలేజీ ఫెస్టులో కల్పిత రాజకుటుంబంతో ఎనిమిది నిమిషాల బొమ్మల స్కిట్ వేయాలి, చేతిలో ఐదు వారాలున్నాయి. వాళ్ళెలా చేశారు, మీరెలా చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది?

ఇలాంటి స్కిట్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఒకటుంది. నాలుగు వారాలు మొహాలు చేయడానికే పోతాయి. చివరి వారంలో స్క్రిప్టు రాస్తారు, ముందు రోజు రాత్రి బొమ్మ ఆడించడం మొదలుపెడతారు. తెర లేచాక మొదటి అర నిమిషం మొహం చూసి నవ్వుతారు, ఆ తర్వాత హాలంతా ఫోన్లు తీస్తుంది. రబ్బరు మొహానికి ఒకటే భావం. అది మారదు కాబట్టి దాని చుట్టూ ఉన్నవి మారుతూ ఉండాలి.

స్పిటింగ్ ఇమేజ్ బలం అక్కడే ఉంది. పీటర్ ఫ్లక్, రోజర్ లా ఇద్దరూ అంతకుముందు ప్లాస్టిసిన్ అనే బొమ్మల మట్టితో వ్యంగ్య మొహాలు చేసి, ఫొటోలు తీసి పత్రికలకిచ్చేవాళ్ళు. మార్టిన్ లాంబీ నెయిర్న్ అనే డిజైనర్‌కి ఆ మొహాలను టీవీలో కదిలించాలన్న ఆలోచన వచ్చింది. సెంట్రల్ టెలివిజన్ తీసిన ఈ కార్యక్రమం ఐటీవీ ఛానల్లో 1984 ఫిబ్రవరి 26న మొదలై 1996 ఫిబ్రవరిలో ఆగింది. మొదటి ఎపిసోడ్‌లో మాత్రం రాజకుటుంబం ముక్కలు తీసేశారు. కారణం సరదాగా ఉంటుంది. ఆ సంస్థ కొత్త స్టూడియోను కొద్ది రోజుల్లో ప్రారంభించాల్సింది రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్పే. అతిథి మర్యాద అన్నమాట. మర్యాద అయిపోయాక రాజకుటుంబం మొత్తం తెరమీదికొచ్చింది.

ఆ పన్నెండేళ్ళలో మంత్రులు మారారు, ప్రధాని మారింది. సూటు వేసుకుని చుట్ట కాల్చే ప్రధాని మార్గరెట్ థాచర్ బొమ్మ పోయి, ఒళ్ళంతా బూడిదరంగు పూసిన తర్వాతి ప్రధాని జాన్ మేజర్ బొమ్మ వచ్చింది. రాజకుటుంబం మాత్రం ఉన్నచోటే ఉంది. ఎన్నికల్లో ఓడిపోరు, రాజీనామా చేయరు. మారని మనుషులకు మారని మొహం సరిగ్గా అతికింది. రాజకీయ నాయకుడి బొమ్మకు ఆ వారం వార్త కావాలి. రాజమాత బొమ్మకి చేతిలో జిన్ను సీసా, చంకలో గుర్రప్పందేల పేపరు ఉంటే చాలు. పైగా ఆవిడకు బెరిల్ రీడ్ అనే హాస్యనటిని తలపించే గొంతు పెట్టారు. అంతఃపురం మనిషి వీధి చివరి ముసలమ్మలా మాట్లాడుతుంది, సగం జోకు ఆ గొంతులోనే ఉంది.

ఇది మనకు కొత్తేం కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో దూరే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు చేసే పనీ ఇదే. రాముడు పద్యంలో మాట్లాడితే వీళ్ళు వంటింటి భాషలో తగులుకుంటారు. మీ స్క్రిప్టుకి గురువులు కావాలంటే లండన్‌కంటే తోలుబొమ్మల కళాకారులుండే నిమ్మలకుంట దగ్గర.

అందుకని స్క్రిప్టు ముందు. కల్పిత సంస్థానం అంటున్నారు కాబట్టి కాలం గట్టిగా పట్టుకోండి. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదులు రద్దయ్యాయి. కోటలో గబ్బిలాలున్నాయి, బిరుదులు గోడమీదున్నాయి, కరెంటు బిల్లు మాత్రం టైముకి వస్తోంది. అంతకంటే సామాను అక్కర్లేదు. నమూనాకి ఇలా:

దివాను: మహారాణీ వారూ, కరెంటు బిల్లు కట్టాలి.
రాణి: మా వంశంలో ఎవరూ కట్టలేదు. ప్రజలు కడతారు.
దివాను: కడుతున్నారమ్మా. వాళ్ళ బిల్లు.

రాణి గొంతు ఎక్కడా లేవకూడదు. గ్రాంథికం ఛాయ ఉన్న మాట రాణికి, ఊరి యాస దివానుకి. మధ్యలో రాణి కూడా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, యాసలోకి జారిపోవాలి. రెండోసారి జారితే అది పాత్ర లక్షణమైపోతుంది, నవ్వు రాదు. ఏ యాసనీ వెక్కిరింపుకి వాడకండి. వెక్కిరింపంతా దర్జా మీదే పడాలి. ఎనిమిది నిమిషాల్లో నాలుగు చిన్న సీన్లు, మూడు బొమ్మలు. నాలుగో బొమ్మ ఉంటే బాగుంటుందని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి, ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక మొహం. టీవీవాళ్ళు వాడింది ఫోమ్ లాటెక్స్. రబ్బరు పాలలో నురగ తెప్పించే మందు, గట్టిపరిచే మందు, గడ్డకట్టించే మందు కలిపి మిక్సరులో గిలక్కొట్టి, అచ్చులో పోసి ఓవెన్‌లో కాలుస్తారు. గాలిలో తేమ, గది వేడి మారితే గిలక్కొట్టే సమయమూ మారుతుంది. రబ్బరు పాలలో ఉండే అమ్మోనియా సరిగా పోకపోతే గడ్డకట్టదు, ఎక్కువ పోతే గిన్నెలోనే గడ్డకడుతుంది. తల పట్టే ఓవెన్ కావాలి, అది మళ్ళీ వంటకు పనికిరాదు. ఐదు వారాల్లో ఆ జోలికి పోవద్దు.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి సోఫా స్పాంజి. 40 డెన్సిటీది తీసుకుని, దిమ్మగా అతికించి, కత్తెరతో కొద్దికొద్దిగా తుంచుతూ మొహం తేవడం. రెండు రోజుల్లో తల తయారు, బరువూ తక్కువ. దివాను బొమ్మకి ఇది చాలు. రెండోది మట్టి, అచ్చు, రబ్బరు పాలు. రాణికి ఇది చేయండి.

మనిషి తలకి ఒకటింబావు రెట్లు చాలు. రెండు రెట్లు చేస్తే ఫొటోలో బాగుంటుంది, చేతిమీద ఆడదు. పాత పేపర్ల ఉండకి టేపు చుట్టి, దానిమీద కుండలమట్టి వేస్తే ఏడెనిమిది కిలోల్లో తల వస్తుంది. మొహంలో ఒక్కటే సాగదీయండి. ముక్కో, గడ్డమో, కళ్ళకింద సంచులో, ఏదో ఒకటి. మూడూ సాగదీస్తే రాక్షసుడు తయారవుతాడు, రాణి కనబడదు. నోరు కొంచెం తెరిచి, పెదవులు నిలకడగా ఉంచి చెక్కండి. నవ్వుతున్న నోరు చెక్కితే ఆవిడ చావు వార్త కూడా నవ్వుతూనే చెప్పాలి. నిర్లిప్తంగా, కాస్త అలసటగా ఉన్న మొహం కోపానికీ పనికొస్తుంది, సిగ్గుకీ పనికొస్తుంది. తల వంచితే ఒకలా, ఎత్తితే ఒకలా కనిపిస్తుంది.

చెవుల వెనకనుంచి రెండు భాగాలుగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు తీయండి. నీళ్ళలోకి పొడి చల్లాలి, పొడిలో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. నాలుగు సెంటీమీటర్ల మందం, మొత్తం పదిహేను కిలోల దాకా పడుతుంది. మొదటి సగం అంచుకి సబ్బునీళ్ళు మూడుసార్లు పూసి రెండో సగం పోయండి. లేకపోతే రెండూ ఒకటైపోతాయి, ఇక సుత్తే గతి. అచ్చులోపల మాత్రం నూనె, వాజలైన్ వద్దు. నూనె రబ్బరుని మెత్తబెట్టి తినేస్తుంది. అచ్చు ఎండనివ్వండి, ఎండిన ప్లాస్టరే రబ్బరు పాలలో నీటిని పీల్చుకుంటుంది.

ఒక తలకి లీటరున్నర పాలు తెచ్చుకోండి. అమ్మోనియా ఘాటు ఉంటుంది, కిటికీలు తెరిచి పని చేయండి. బ్రష్షుతో పలచగా పొర వేసి ఆరనివ్వాలి. పాలలా తెల్లగా ఉన్నంతసేపు అది ఆరనట్టే. తేనెరంగుకి తిరిగి, అచ్చు గోడ లోపలినుంచి కనబడుతున్నట్టయ్యాక రెండో పొర వేయాలి. అనంతపురంలో ఫ్యాను కింద గంటలోపు తిరిగే పొరకి కాకినాడలో వర్షాకాలం పూట మూడు గంటలు పట్టొచ్చు. తొందరపడి తడి పొరమీద ఇంకో పొర వేస్తే లోపల తడి చిక్కుకుపోయి, తీసేటప్పుడు అక్కడ చర్మంలా ఊడొస్తుంది. నుదురు, ముక్కు, మెడ దగ్గర ఏడెనిమిది పొరలు వేసి, మధ్యలో ఒక పొర గాయాలకి కట్టు కట్టే పలచటి గాజుగుడ్డ పెట్టండి. బుగ్గలు, పెదవుల మూలలు, దవడ మడతపడే చోట మూడు పొరలకి మించొద్దు, గుడ్డ అసలు వద్దు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. దవడ మందంగా ఉంటే రెండో సీనుకే ఆడించేవాడి బొటనవేలు చచ్చుబడుతుంది. అచ్చు రెండు సగాలు తీసేటప్పుడు రబ్బరుకి లోపలా బయటా టాల్కం పౌడరు ధారాళంగా చల్లండి. పౌడరు తగలని రబ్బరు తనకు తానే అంటుకుంటుంది, ముక్కు లోపలికి మడిచి అతుక్కుంటే అంతే సంగతులు.

రంగు నేరుగా యాక్రిలిక్ వేస్తే మూడోసారి నోరు తెరిచేసరికి పెచ్చులూడుతుంది. యాక్రిలిక్‌లో రబ్బరు పాలు సగానికి సగం కలిపి వేయండి. ఆరాక రంగు ముదురుతుంది, కాబట్టి ఒక ఛాయ లేతగా కలపాలి.

నోటి లోపల ప్లైవుడ్ కంటే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర దొరికే గట్టి రబ్బరు షీటు మేలు. పైన ఒక ముక్క, కింద ఒక ముక్క, మధ్య తోలు మడత, వేళ్ళకి ఎలాస్టిక్ పట్టీ. ఫెవికాల్ ఎస్సార్ లాంటి రబ్బరు గమ్ముతో అతికించండి. ఆ గమ్ము థర్మోకోల్‌ని కరిగించేస్తుంది కాబట్టి కిరీటం థర్మోకోల్‌తో చేస్తే దానికి వేరే గమ్ము వాడాలి. రాగి తీగ రబ్బరుకి తగలనివ్వకండి, మచ్చపడి పాడవుతుంది. కళ్ళకి టేబుల్ టెన్నిస్ బంతి సగాలు. నల్లగుడ్లు సరిగ్గా మధ్యలో పెడితే బొమ్మ ఎటో చూస్తున్నట్టుంటుంది. రెండూ ఒక మిల్లీమీటరు ముక్కువైపు జరపండి, ఎదుటి మనిషిని చూస్తుంది. రెప్పలు కదలాలనుకుంటే సైకిల్ బ్రేకు తీగ వాడొచ్చు. కానీ ఒక్క రాణికే చేయండి, అదీ స్కిట్టులో రెండుసార్లే ఆర్పండి.

నాలుగో బొమ్మ ఎందుకొద్దన్నానంటే, ఒక్కో బొమ్మకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరి కుడిచేయి తలలో, ఎడమచేయి బొమ్మ ఎడమచేతి గ్లవ్‌లో. రెండోవాళ్ళ చేయి బొమ్మ కుడిచేయి. మూడు బొమ్మలకి ఆరుగురు ఒకే నల్లగుడ్డ వెనక ఒకరి చంకలో ఒకరు దూరి నిలబడాలి. ఎనిమిదిమంది పట్టరు. గుడ్డ ఎత్తు అందరికంటే పొడుగైనవాడి నడినెత్తికి సమానంగా ఉంచి, పొట్టివాళ్ళని పీటలెక్కించండి.

గొంతులు ముందే రికార్డు చేసి, స్పీకర్లో వేసి, దానికి నోరు కలపడం మంచిది. ఆడించేవాడికి మాట, చేయి రెండూ ఒకేసారి సాగవు. రికార్డింగులో ప్రతి జోకు తర్వాత రెండు సెకన్లు ఖాళీ వదలండి, లేకపోతే నవ్వు కింద తర్వాతి మాట పోతుంది. నోరు కలపడంలో ఇంగ్లీషు బొమ్మల్ని చూసి నేర్చుకుంటే తెలుగులో తప్పుతారు. వాళ్ళ మాటలు ఎక్కువగా హల్లుతో ముగిసి నోరు మూతపడుతుంది. మనది అజంత భాష, మాట చివర నోరు తెరిచే ఉంటుంది. అందుకని ప్రతి అక్షరానికీ కొట్టకండి. దీర్ఘాల దగ్గర బాగా తెరిచి, ప బ మ ల దగ్గర తప్పకుండా మూసి, మిగతావి తేలిగ్గా దాటేయండి. మాట అయిపోయిన అరక్షణానికి నోరు మూయాలి. తెరవడమంటే బొటనవేలు కిందికి దించడం. పై వేళ్ళు ఎగరేస్తే మాటమాటకీ రాణిగారు ఆకాశం చూస్తారు. రిహార్సల్లో ఫోను కెమెరా పెట్టి టీవీలో చూసుకుంటూ ఆడించండి, అద్దం ముందు కాదు. అద్దంలో కుడిఎడమలు తారుమారై కనబడతాయి, అదే అలవాటైతే స్టేజి మీద ఇద్దరు బొమ్మలూ చెరోవైపు చూస్తూ మాట్లాడుకుంటారు. రోజుకి ఇరవై నిమిషాలు, కనీసం పది రోజులు.

బొమ్మలు అసలు కుదరవనిపిస్తే, మనుషులతోనే చేసే దారి బ్రిటన్‌లోని ఛానల్ 4లో 2016లో మొదలైన ది విండ్సర్స్ అనే రాజకుటుంబం కామెడీ సీరియల్‌ది. స్పిటింగ్ ఇమేజ్‌కి గొంతులిచ్చిన హ్యారీ ఎన్‌ఫీల్డే అందులో చార్లెస్ వేషం కట్టాడు. అది మొత్తం డైలీ సీరియల్‌కి పేరడీ, చార్లెస్ భార్య కామిల్లా కుట్రలు పన్నే విలన్. మన అత్తాకోడళ్ళ సీరియళ్ళు చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఖర్చు తక్కువే కానీ నటులు బాగా సీరియస్‌గా చేయాలి, ఒక్కరు తమ జోకుకి తాము నవ్వినా పోతుంది.

ఫెస్టు అయ్యాక రాణిగారిని ఎండలో, ట్యూబులైటు కింద వదలకండి. మెడలో పాత గుడ్డలు కుక్కి, పౌడరు చల్లి, నల్ల కవరులో నిలబెట్టి దాచండి. పడుకోబెడితే వారంలో ముక్కు ఒకవైపు వాలిపోతుంది, మళ్ళీ లేవదు.