మింట్ ఎసెన్సు వేయగానే చాక్లెట్ ముద్దకట్టిందా? పారేయకండి

క్రిస్మస్ బ్రౌనీల పైపొర కోసం కరిగించిన చాక్లెట్, పెప్పర్‌మింట్ ఎసెన్సు కలపగానే తడి ఇసుకలా ముద్దకట్టిందని రాశారు. చాక్లెట్ నాసిరకమేమోనని అనుమానపడ్డారు కూడా. తప్పు చాక్లెట్‌ది కాదండీ, తడిది. కరిగిన చాక్లెట్‌లో చక్కెర, కోకో రేణువులు కొవ్వులో తేలుతూ ఉంటాయి. నాలుగు చుక్కల నీళ్లు పడితే చాలు, చక్కెర తడిసి రేణువులన్నీ అతుక్కుపోతాయి. చాలా ఎసెన్సుల్లో నీళ్లుంటాయి.

ఇప్పుడు చేయవలసింది వింతగా అనిపిస్తుంది: ఇంకా తడి చేర్చాలి. పాలు పొగలు వచ్చేదాకా వేడిచేసి, ఒక్కో పెద్ద చెంచా పోస్తూ గిన్నె మధ్య నుంచి కలపండి. 200 గ్రాముల చాక్లెట్‌కు నాలుగైదు చెంచాలు పడతాయి. మొదటి రెండు చెంచాలకు విరిగిపోయినట్టే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆ తర్వాత అంచుల దగ్గర నుంచి నున్నబడి, గరిటె మీద నుంచి పట్టులా జారుతుంది. అది పలకలా విరిగేంత గట్టిపడదు కానీ, బ్రౌనీలు పూర్తిగా చల్లారాక పూయడానికి చాలా బాగుంటుంది. నాకైతే ఈ మెత్తని పొరే ఎక్కువ ఇష్టం.

ఈసారి వంటకు వాడదగినదని సీసాపై రాసి ఉన్న పెప్పర్‌మింట్ నూనె కొనండి. ఆవిరి పట్టడానికి అమ్మే నూనె మాత్రం వద్దేవద్దు. 200 గ్రాములకు రెండు మూడు చుక్కలు చాలు, మించితే టూత్‌పేస్టు రుచి వస్తుంది. మరిగే నీళ్లపై పెట్టి కరిగిస్తుంటే, గిన్నె దించగానే అడుగు తుడవండి. అక్కడి నుంచి జారే ఒక్క చుక్క కూడా ఇదే పని చేస్తుంది.